కండక్టర్ గారి కొండదారులు

కండక్టర్ గారు పోయారని ఫోను వచ్చినప్పుడు నేను చేలో మందు కొడుతున్నాను. ఏలూరు నుంచి టైలర్ మస్తాన్ గారు చేశారు. "పెంటపాడు గారూ, మన కండక్టర్ గారు లేరండీ. పొద్దున్న కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నారంట. అంతేనంటండీ" అన్నారు. ట్యాంకులో ఇంకా సగం మందు ఉంది. కలిపిన మందు నిలవ ఉండదు. మిగిలిన మడి కూడా కొట్టేసి, బోరు దగ్గర ఒళ్లు కడుక్కుని, తాడేపల్లిగూడెం వెళ్లి ఏలూరు బస్సెక్కాను. నేను వెళ్లేసరికి ఆయన్ని వీధిలో పడుకోబెట్టారు. కాళ్ల బొటనవేళ్లు కలిపి కట్టారు. ఆ పాదాలు చూస్తూ కాసేపు నిలబడి, వెనక్కి జరిగాను.

ఆయన్ని ఎరిగినవాళ్లు మా వైపు చాలామందే ఉన్నారు. ముప్పై ఏళ్లకు పైగా బస్సులో టిక్కెట్లు కొట్టారు కాబట్టి కొంతమంది ఎరుగుదురు. సెలవు దొరికినప్పుడల్లా మా డెల్టా వాళ్లని వెంటబెట్టుకుని కొండలు ఎక్కించారు కాబట్టి మరికొంతమంది ఎరుగుదురు. ఈ రెండో రకం వాళ్లలో ఆయన గురించి ఒక మాట ఉంది. ఒక మనిషిని కొండ మీద మరిచిపోయి కిందికి వచ్చేశారని. ఆ మనిషిని నేనే. ఆ మాట నిజం కాదు. ఆయన బతికుండగా నేను చెప్పవలసింది, చెప్పలేదు. ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ వెళ్లి చెప్పడం నా వల్ల కాదు కాబట్టి ఇలా రాస్తున్నాను.

ఆయనకి కొండలు ఉద్యోగం వల్లే తెలిశాయి. వయసులో ఉన్నప్పుడు ఆయన్ని జంగారెడ్డిగూడెం, బుట్టాయగూడెం దాటి వెళ్లే సర్వీసు మీద వేశారు. ఆ బస్సు మధ్యాహ్నం రెండింటికల్లా కొండ కింద చివరి ఊరు చేరేది. ఆ రోజుల్లో మళ్లీ బయల్దేరేది మర్నాడు పొద్దున్నే. డ్రైవరు బస్సులోనే పడుకుని నిద్రపోయేవాడట. ఈయనకి పగలు నిద్ర పట్టదు. మేకలు తోలుకెళ్లే కోయ పెద్దాయన ఒకాయన వెనకాలే కొండ ఎక్కి, పొద్దు వాలేలోగా దిగివచ్చేవారు. అలా కొన్నేళ్లు నడిచారు. ఆ కొండల అవతలే గోదావరి. పాపికొండలు చూడ్డానికి లాంచీలో వెళ్లేవాళ్లు కింద నుంచి చూసే కొండల్ని ఆయన వెనక వైపు నుంచి, కాలినడకన నేర్చుకున్నారు.

దారులకి ఆయన పెట్టిన పేర్లు వింటే కొత్తవాళ్లు నవ్వేవారు. ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్, నాన్‌స్టాప్. ఊరి చివర నుంచి జీడిమామిడి తోటల్లోంచి వాగు పక్కనే మడుగు దాకా వెళ్లేది ఆర్డినరీ. ముసలివాళ్లు, చిన్నపిల్లలు, ఒళ్లు బరువున్నవాళ్లు ఎవరైనా రావచ్చు. ఆపమన్నచోటల్లా ఆగుతుంది. మడుగు దగ్గర నుంచి వెదురు పొదల్లోంచి కొండ నడుం దాకా ఎక్కేది ఎక్స్‌ప్రెస్. దానికి రెండే స్టేజీలు, మధ్యలో ఆపమంటే ఆగదు. పైకి చేరితే దూరంగా గోదావరి ఆరేసిన పంచెలా కనిపిస్తుంది. ఇక నాన్‌స్టాప్ అంటే ఆ నడుం మీదుగా అవతలికి దిగి గోదావరి ఒడ్డుకి చేరడం. దారిలో మంచినీళ్లు దొరకవు. కూర్చుంటే లేవలేరు కాబట్టి కూర్చోనిచ్చేవారు కాదు. నన్ను ఆ దారిలో రెండుసార్లే తీసుకెళ్లారు.

ఎవరు ఏ దారికి పనికొస్తారో ఆయన అడిగి తెలుసుకునేవారు కాదు. ఏలూరు బస్టాండులో మనం బస్సెక్కుతుంటే ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టే తీరు చూసేవారు. కమ్మీ పట్టుకుని ఒంటిని లాక్కునేవాళ్లు ఆర్డినరీ. కాలితోనే లేచేవాళ్లు ఎక్స్‌ప్రెస్. మస్తాన్ గారికి మొదటిసారి ఆర్డినరీ వచ్చింది. ఆయన ఒప్పుకోలేదు.

"అదేంటండీ బాబూ! నేను రోజూ పది గంటలు మిషను తొక్కేవాణ్ణి. ఇవి కాళ్లు కాదండీ, ఇనుం."

"ఎంత తొక్కినా మీ బండి అక్కడే ఉంటుంది కదండీ ఏలూరు గారూ. ఇవాళ కదిలి చూడండి, ఆనక మాట్లాడదాం."

మస్తాన్ గారు ఆ రోజు మడుగు దాకా వెళ్లి, అక్కడే తువ్వాలు పరుచుకుని పడుకున్నారు. తర్వాత మూడు నెలలకి ఎక్స్‌ప్రెస్‌కి ప్రమోషను వచ్చింది. అప్పటి నుంచి ముందు నడిచేది ఆయనే.

మమ్మల్ని కండక్టర్ గారు పేర్లతో పిలవలేదు, దిగే ఊరితో పిలిచేవారు. నేను పెంటపాడు. మస్తాన్ గారు ఏలూరు. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ గారు ఒకావిడ ఉండేవారు, ఆవిడ అత్తిలి. "అత్తిలి అమ్మగారూ, ఎక్కేటప్పుడు మాట్లాడకండి. ఊపిరి టిక్కెట్టు లాంటిది, దిగేదాకా దాచుకోవాలి" అనేవారు. బడిలో అందరి నోళ్లూ మూయించిన ఆవిడ నోరు మూయించగలిగింది ఆయనొక్కరే.

ఆయనతో నా పరిచయం కొండ మీద కాదు, బస్సులో. మా ఆవిడకి ఏలూరులో వైద్యం జరిగిన ఏడాదిన్నరా మేం తాడేపల్లిగూడెం నుంచి ఆయన బస్సులోనే వెళ్లేవాళ్లం. అది ఆయన సర్వీసులో చివరి రోజులు. ముందు తలుపు పక్క సీటు మా కోసం ఖాళీగా ఉంచేవారు. మేం ఎక్కగానే అడగకుండానే "రెండు ఏలూరు" అని మిషను నొక్కేవారు. మా ఆవిడ పోయాక ఆసుపత్రి కాగితాల కోసం ఒక రోజు నేనొక్కణ్ణే ఎక్కాను. ఆయన అలవాటు ప్రకారం మిషను మీద వేలు పెట్టి "రెండు" అంటూ నా పక్క సీటు వైపు చూశారు.

"ఒకటేనండీ" అన్నాను.

ఒకటి కొట్టి ఇచ్చి ముందుకి వెళ్లిపోయారు. భీమడోలు దాటాక జనం పలచబడ్డారు. అప్పుడు వచ్చి నా పక్కన కూర్చున్నారు. పరామర్శ మాటలేవీ అనలేదు.

"ఆదివారం ఏం పనండీ మీకు?"

"పనేం లేదండీ."

"బూట్లున్నాయా?"

"చెప్పులేనండీ."

"పాదం కొలత చెప్పండి, చూస్తాను."

ఆదివారానికి ఎవరివో పాత బూట్లు తెచ్చిపెట్టారు. కొంచెం వదులు. ముందు భాగంలో గుడ్డ కుక్కుకుని మడుగు దాకా నడిచాను. ఆ రోజు నుంచి నాకు వారంలో ఒక పని దొరికింది. మిగతా ఆరు రోజులూ ఎలా ఉండేవో ఇక్కడ రాయను. ఒక గ్లాసు బియ్యం వండితే రెండు పూటలు వస్తుందని నేర్చుకున్నాను. మా అమ్మాయి చింతలపూడి నుంచి రోజూ సాయంత్రం ఫోను చేసి "ఏం వండుకున్నావ్ నాన్నా" అని అడిగేది. ఆ జవాబు కోసమే కూర వండేవాణ్ణి.

కొండ మీద కండక్టర్ గారు ఎప్పుడూ వరసలో చివర ఉండేవారు. "డ్రైవరు ముందుంటాడండీ, కండక్టరు వెనకుంటాడు" అనేవారు. ఎవరైనా ఆగితే ఆయన కూడా ఆగేవారు. ఎవరినీ తన వెనక ఉండనిచ్చేవారు కాదు. మెడలో పాత ఈల. ఒకటి ఊదితే ఆగాలి, రెండు ఊదితే కదలాలి. మలుపు మలుపుకీ తలలు లెక్కపెట్టేవారు. మా వాళ్లంతా చేల గట్ల మీద నడిచి నడిచి ఒకరి వెనక ఒకరు నడవడం, పాదం ముందు పాదం వేయడం తెలిసినవాళ్లే. అందుకు మెచ్చుకునేవారు. కానీ డెల్టా వాళ్లకి కొండ మీద ఒక గుడ్డి నమ్మకం ఉంటుందని కూడా చెప్పేవారు. ఆ నమ్మకమేంటో నేను ఆయన చెప్పగా విన్నాను, విని కూడా అదే చేశాను.

రెండేళ్ల కిందట మార్గశిరంలో ఒక ఆదివారం పన్నెండుమందిమి ఎక్స్‌ప్రెస్ దారిలో వెళ్లాం. మొదటి స్టేజీ దగ్గర టిఫిన్లు విప్పుకున్నాం. అత్తిలి అమ్మగారు గోంగూర పులిహోర తెచ్చి అందరికీ పెడుతున్నారు. నా డబ్బాలో పెరుగన్నం చూసి, "మీ ఇంట్లో వంటెవరండీ?" అని అడిగారు. ఆవిడకి నా సంగతి తెలియదు. "నేనేనండీ" అన్నాను. ఆవిడ నొచ్చుకుని ఇంకో గరిటె పులిహోర వేశారు. పక్కవాళ్లు మాటలు ఆపి, మళ్లీ మొదలుపెట్టారు. అంతకన్నా ఏం జరగలేదు. కానీ నాకు మనుషులెవరూ లేని చోట కాసేపు కూర్చోవాలనిపించింది.

అది కండక్టర్ గారికి చెబితే సరిపోయేది. చెప్పలేదు. "ముందుకెళ్లి మస్తాన్ గారితో నడుస్తానండీ" అని చెప్పి ముందుకి జరిగాను. మలుపు తిరగ్గానే దారి వదిలి వెదురు పొద వెనక్కి తప్పుకున్నాను. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. చివర కండక్టర్ గారు వచ్చారు. పొద సందులోంచి ఆయన కాళ్లు మోకాళ్ల దాకా కనిపిస్తున్నాయి. ఆయన ఆగారు. "ఏలూరు గారూ! పెంటపాడు మీ దగ్గరికి వచ్చారా?" అని కేకేశారు. పై నుంచి మస్తాన్ గారు, "అందరం ఇక్కడే ఉన్నామండీ, రండి!" అన్నారు. మస్తాన్ గారు వెనక్కి తిరిగి చూడకుండానే అన్నారట. కండక్టర్ గారు రెండుసార్లు ఈల ఊది కదిలారు.

మరిచిపోయింది ఎవరో, అడిగింది ఎవరో, దాక్కున్నది ఎవరో ఇప్పుడు చదివేవాళ్లకి తెలిసింది కదా. మస్తాన్ గారిది తప్పని కూడా అనను. నేను ముందుకి వస్తున్న సంగతే ఆయనకి తెలియదు.

గంటసేపు కూర్చున్నాను. ఏడవలేదు. పెద్దగా ఏమీ ఆలోచించలేదు కూడా. లేచి, ఒక్కణ్ణే కిందికి పోదామనుకున్నాను. దారి అటు ఉంది, పక్కనే వాగు చప్పుడు వినిపిస్తోంది. వాగు వెంట దిగితే ఊరు వస్తుందనుకున్నాను. మా వైపు పుట్టినవాడెవడైనా అదే అనుకుంటాడు. మాకు నీళ్ల పక్కన ఎప్పుడూ గట్టుంటుంది, గట్టు మీద దారి ఉంటుంది, ఆ దారి ఏదో ఒక ఊళ్లోకి వెళుతుంది. కండక్టర్ గారు మాకు హెచ్చరించింది సరిగ్గా దీని గురించే. "కాలవ మనిషి తవ్వినది, మనిషి చెప్పినట్టు వెళుతుంది. వాగుని ఎవరూ తవ్వలేదండీ, దాని ఇష్టం దానిది." ఆ మాట చెవిన పడింది గానీ కాళ్లకి ఎక్కలేదు.

పావుగంట దిగేసరికి వాగు ఒక బండ అంచు నుంచి కిందికి దూకేసింది. నేను దాని పక్క నుంచి దిగబోయి నాచు మీద జారి, మనిషెత్తు కింద ఒక రాతి అరుగు మీద పడ్డాను. చీలమండ తిరిగింది. కింద రెండు తాడిచెట్ల లోతు. పైకి ఎక్కడానికి నాకు అందేంతలో పట్టు లేదు. కేకలేశాను. నీళ్ల హోరులో నా కేక నాకే సరిగా వినిపించలేదు. ఎండ అరుగు మీద నుంచి తప్పుకుని అవతలి కొండ మీదికి వెళ్లేదాకా అక్కడే కూర్చున్నాను.

రెండో స్టేజీ దగ్గర తలలు లెక్కపెడితే పదకొండు వచ్చాయట. మిగతావాళ్లని మస్తాన్ గారి వెంట కిందికి పంపేసి, ఆయన ఒక్కరే వెనక్కి వచ్చారు. వెదురు పొద దగ్గర నలిగిన ఆకులు చూసి వాగు వైపు తిరిగారట. ఈల వినిపించింది. తలెత్తి చూస్తే అంచు మీద ఆయన తల. అప్పటికి ఆయనకి అరవై దాటాయి.

"కదలకండి. దెబ్బ ఎక్కడ?"

"కాలండీ."

"తల తిరుగుతోందా?"

"లేదండీ."

ఆయన నా పక్కకి దిగారు. ఎలా దిగారో అప్పుడు నేను సరిగా చూడలేదు. వచ్చి, నీళ్లు తాగించి, తువ్వాలుతో చీలమండ బిగించి కట్టారు. అప్పుడు అడిగారు.

"ఒంటరిగా కూర్చోవాలనిపించిందా?"

తలూపాను.

"చెప్పి కూర్చోవచ్చు కదండీ. నేను పదడుగుల అవతల అటు తిరిగి కూర్చునేవాణ్ణి."

నన్ను భుజాల మీద నిలబెట్టుకుని పైకి నెట్టారు. తర్వాత ఆయన ఎక్కుతుంటే ఎడమ చెయ్యి పట్టు జారి భుజం మెలిపడింది. పైకి వచ్చాక ఆ భుజం పట్టుకుని బండకి ఆనుకున్నారు. దిగేటప్పుడు నేను ఆయన మీద వాలి నడిచాను, ఆయన కుడి వైపే వాలనిచ్చారు.

జీడిమామిడి తోటలోకి వచ్చాక చెప్పాను. "కింద అందరికీ చెప్పేస్తానండీ, నేనే దాక్కున్నానని."

ఆయన నిలబడ్డారు. "భార్య పోయినవాడు కొండ అంచున ఒక్కడే కూర్చున్నాడంటే జనం ఏమనుకుంటారండీ? చావడానికి వెళ్లాడంటారు. అది మీ అమ్మాయి చెవిన పడుతుంది. ఇక ఆ పిల్ల నిద్రపోతుందా?"

"నేను అందుకు వెళ్లలేదండీ."

"నాకు తెలుసు. వాళ్లకి తెలియదు కదా."

నేను చావడానికి వెళ్లలేదు. ఇది కూడా ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

కింద అందరూ బస్సు దగ్గర నిలబడి ఉన్నారు. అత్తిలి అమ్మగారు కళ్లు తుడుచుకుంటున్నారు. మస్తాన్ గారు ఎదురొచ్చారు. "ఏంటండీ ఇది? ఎక్కడ తప్పిపోయారు?"

నేను నోరు తెరిచేలోపే కండక్టర్ గారు చెప్పారు. "తప్పు నాదేనండీ. మొదటి స్టేజీ దగ్గర తలలు సరిగా లెక్కపెట్టలేదు. ఈయన పక్కకి వెళ్లారు, చూసుకోకుండా వచ్చేశాను."

ఆ మాట అన్నది ఎవరు? సర్వీసంతా ఒక్క ప్యాసింజర్ని కూడా దారిలో వదలలేదని చెప్పుకునే మనిషి. ఆయనకున్న గొప్ప అదొక్కటే. దాన్ని నా ముందే అలా తీసి ఇచ్చేశారు. నేను కుంటుకుంటూ బస్సెక్కి కూర్చున్నాను.

ఆ తర్వాత జనం తగ్గారు. అత్తిలి అమ్మగారు తన స్నేహితురాళ్లని మాన్పించి, తనూ మానేశారు. "మనిషి మంచివారేనండీ, కానీ అడవికి వెళ్లేటప్పుడు మంచితనం ఒక్కటే చాలదు కదా" అన్నారట. మాట అలా ఊళ్లు తిరిగింది. మరుసటి చలికాలానికి మేం నలుగురం మిగిలాం. కండక్టర్ గారు అప్పటి నుంచి బయల్దేరే ముందు కాగితం మీద మా ఊళ్ల పేర్లు రాసుకుని, మలుపు మలుపుకీ పెన్నుతో టిక్కు పెట్టడం మొదలుపెట్టారు. నలుగురికి కాగితమెందుకండీ అని మస్తాన్ గారు నవ్వితే, "మతిమరుపు వచ్చిందండీ, ఒకసారి అయింది కదా" అనేవారు. నా వైపు చూసేవారు కాదు. అబద్ధాన్ని కూడా ఆయన డ్యూటీలాగే చేశారు.

మొదట్లో నేను మా అమ్మాయి కోసమే ఊరుకున్నాను. కొన్నాళ్లకి ఆ కారణం పోయింది. అమ్మాయికి నా మీద బెంగ తగ్గింది. అప్పుడైనా చెప్పొచ్చు. కానీ చెప్పకపోవడం నాకు అలవాటైంది, వీలుగా కూడా ఉంది. ప్రతి ఆదివారం ఈసారి చెబుదాం అనుకునేవాణ్ణి. ఆయన కాగితం తీసేవారు. నేను బూట్ల తాళ్లు బిగించుకునేవాణ్ణి.

పదకొండో రోజున ఏలూరులో పెద్దకర్మ. వీధిలో షామియానా వేసి భోజనాలు పెట్టారు. నేను, మస్తాన్ గారు పక్కపక్కన కూర్చున్నాం. ఎదురు వరసలో అత్తిలి అమ్మగారు. ఆవిడ పక్కన కూర్చున్నవాళ్లు కండక్టర్ గారు ఎలాంటివారని అడిగినట్టున్నారు. ఆవిడ ప్రేమగానే చెప్పారు. "బంగారంలాంటి మనిషండీ. ఆ ఒక్క రోజే పాపం లెక్క తప్పారు."

వంకాయ కూర వడ్డిస్తున్న కుర్రాడి వెనక, గుమ్మంలో కండక్టర్ గారి భార్య నిలబడి ఉన్నారు. మజ్జిగ చెంబు పట్టుకుని వింటున్నారు. ఆ మాట ఆవిడకి కొత్త కాదని ఆవిడ ముఖం చూస్తే తెలిసింది.

"తప్పలేదండీ" అన్నాను.

అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది మాట. తినేవాళ్లు ఆగి చూశారు. ఆకు ముందు కూర్చునే అంతా చెప్పాను. పొద వెనక దాక్కున్నది, ఆయన అడిగింది, వాగు, అరుగు, ఆయన భుజం. చెప్పడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. అంత చిన్న సంగతి రెండేళ్లు మోశాను.

అత్తిలి అమ్మగారు తలొంచుకుని, "మేం ఆయన్ని ఒక్క మాటైనా అడిగామా?" అన్నారు. మస్తాన్ గారు ఆకు మడిచేశారు. "రెండేళ్లు నా కొట్లో కూర్చుని టీ తాగారు కదండీ పెంటపాడు గారూ. నేను ఆయన్ని మతిమరుపు కండక్టరని ఎన్నిసార్లు ఏడిపించాను! మీరు పక్కనే ఉండి నవ్వారు" అన్నారు. అవును, నవ్వాను. చేతులు కడుక్కుని మస్తాన్ గారు వెళ్లిపోయారు.

లోపలికి వెళ్లి కండక్టర్ గారి భార్య ముందు నిలబడ్డాను. నేను ఆవిడని అక్కయ్యగారూ అంటాను. ఆవిడ నన్ను తిడితే బాగుండుననుకున్నాను.

"భుజం పట్టింది బస్టాండులో జారిపడితే కాదా తమ్ముడూ?"

"కాదండీ."

"రెండేళ్లు కాపడం పెట్టాను. ఎక్కడ పడ్డారండీ అంటే ప్లాట్‌ఫారం మీద అనేవారు. నీళ్లు పోసి కడిగారు, కాలు జారిందే అనేవారు." మజ్జిగ చెంబు కింద పెట్టి, "ఆ చోటు నాకు చూపిస్తావా?" అన్నారు.

ఆవిడ కొల్లేటి లంక గ్రామంలో పుట్టారు. దోనెల్లో తిరిగిన మనిషి. పెళ్లయిన ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆయనతో కొండకి వెళ్లలేదు. ఏడాది తిరక్కుండా ఎక్కడికీ కదలకూడదని చుట్టాలు అడ్డం చెప్పారు. "నేనెవరి ఇంటికీ వెళ్లట్లేదు, ఎవరి శుభకార్యానికీ వెళ్లట్లేదు. రాళ్ల దగ్గరికి వెళుతున్నాను" అన్నారట. కోతలకి ముందు ఒక ఆదివారం బయల్దేరాం. బస్టాండుకి వెళ్లేసరికి మస్తాన్ గారు కూడా వచ్చి ఉన్నారు. "మీ కోసం కాదండీ, అమ్మగారి కోసం వచ్చాను" అని నాతో చెప్పి, దారి పొడుగునా నాతో మాట్లాడలేదు. ఆవిడ సంచీ మాత్రం ఆయనే మోశారు.

మడుగు దాకా ఆవిడ బాగానే నడిచారు. అక్కడి నుంచి చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నారు. "మా ఊళ్లో ఎత్తు అంటే పుంత దారి గట్టే. ఇదేంటి తమ్ముడూ, ఎక్కిన కొద్దీ ఇంకా ఉంటుంది?" అన్నారు. పది అడుగులకొకసారి ఆగారు. ఆగినప్పుడల్లా ఆయన్ని కోప్పడ్డారు. "అటక మీద గంగాళం దించమంటే మోకాళ్లు నొప్పులనేవారు. ఈ మోకాళ్లేనా?" మస్తాన్ గారు నవ్వబోయి, నన్ను చూసి మానేశారు. వెదురు పొద దగ్గరికి చేరేసరికి పన్నెండు దాటింది. నేను దాక్కున్న చోటు చూపించాను. ఆవిడ దానివైపు చూసి ముందుకి నడిచారు.

వాగు దగ్గర నేల తడిగా ఉంది. మస్తాన్ గారు ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టుకుని అంచుకి ఇవతల కూర్చోబెట్టాం. అక్కడి నుంచి అరుగు కనిపిస్తోంది. ఇద్దరు పట్టడానికి సరిపడేంత కూడా లేదు. కింద నీళ్లు తెల్లగా పడుతున్నాయి. ఆవిడ మెడ సాచి అరుగుని చూశారు, దాని కింద ఉన్న లోతుని చూశారు. చాలాసేపు చూశారు.

"ఎలా దిగారు?" అని అడిగారు.

ఆ రోజు నేను చూడలేదు. కానీ ఇప్పుడు చూస్తే అక్కడ పట్టుకోవడానికి ఒకటే ఉంది. అంచున బండ చీలికలోంచి ఏదో అడవిచెట్టు వేరు బయటికొచ్చి, మణికట్టంత లావున వంగి మళ్లీ మట్టిలోకి వెళ్లింది. "ఇది పట్టుకునే అయ్యుంటుందండీ" అని చూపించాను.

ఆవిడ ముందుకి వంగి వేరు చుట్టూ వేళ్లు బిగించారు. లాగి చూశారు. రెండో చెయ్యి కూడా వేసి, ఒళ్లంతా వెనక్కి వాల్చి లాగారు. వేరు కదల్లేదు.

"గట్టిదే" అన్నారు.

చీర కుచ్చెళ్లు తడుస్తున్నాయని మస్తాన్ గారు చెప్పారు. ఆవిడ వినిపించుకోలేదు. వేరు వదల్లేదు.